ఏరు దాటొచ్చిన ఇంజను

"యాక్సిలరేటరు ఇస్తే చచ్చిపోతోంది పెద్దమ్మా, వదిలేస్తే మళ్ళీ బతుకుతోంది," అంది అమ్మడు. ఆ మాటలు ఇంజనమ్మ చెవికి సగమే అందాయి. మిగతా సగం పిల్ల పెదాల మీంచి ఏరుకుంది, ఏరుకుని ఆ సంగతి నాకెప్పుడో తెలుసులే అన్నట్టు తలూపింది. షెడ్డు గోడ మీద గడియారం పదకొండు చూపిస్తోంది. పన్నెండింటికి పైన జలాశయం గేట్లు ఎత్తుతామని నిన్ననే చెప్పారు, ఎత్తారంటే రెండు రోజులదాకా ఏట్లోకి దిగడం ఎవరి తరమూ కాదు. అవతలి ఒడ్డున మొన్న కాన్పయిన పిల్లకి జ్వరం నూట మూడు దాటిందట. ఆ జ్వరానికి వేయాల్సిన ఇంజెక్షన్ల కోసమే నర్సు అమ్మడు పొద్దున్నే ఏరు దాటి ఇవతలి ఆస్పత్రికి వచ్చింది, వచ్చేటప్పుడే బండి సీటు అంచుదాకా మునిగింది, ఒడ్డెక్కిన దగ్గర్నుంచీ ఇదీ వరస. బండంటే మామూలు బండి కాదు, ఏటీవీ. మోటారు సైకిలు మీద కూర్చున్నట్టే కాళ్ళు చెరో పక్కకీ వేసి కూర్చుంటారు గానీ చక్రాలు నాలుగు, ఒక్కోటీ పొత్రమంత లావు, రాయనీ బురదనీ చూసుకోకుండా పోతుంది. అమ్మడు ఇంజనమ్మ చెల్లెలి కూతురు. ఇంజనమ్మని ఇంజనమ్మ అనడం ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు, ముప్ఫై నాలుగేళ్ళుగా ఈ షెడ్డు ముందు ఆగిన ప్రతివాడూ అలాగే పిలిచాడు. ఏమైందని వాణ్ణి అడిగేది కాదు ఆవిడ, వాడికేం తెలుసు పాపం, వీధి మలుపు తిరుగుతుండగానే బండి చప్పుడు విని రోగం చెప్పేసేది. ఆ పేరు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. చెవులే పోతున్నాయి. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు.

అరచెయ్యి పెట్రోలు ట్యాంకు మీద ఆనించింది. స్లోలో ఉన్న ఇంజను అదురు మణికట్టు దాటి మోచేతిదాకా ఎక్కింది. ఎన్నిసార్లు పట్టుకున్నా ఒళ్ళు జలదరించడం మానలేదు, వేలకి వేల బండ్లు చూసిన మనిషికి ఇంత సంబరమేమిటని వాళ్ళాయన నవ్వుతాడు, నవ్వితే నవ్వనీ. ఇంతకీ అది చేసే పనులు నాలుగే. పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం. మామగారు వేళ్ళు మడిచి చెప్పినవి ఇవే, మనిషి చేసేదీ దాదాపు ఇంతేగదా మండడం ఒక్కటి తప్ప, అదీ కొందరు చేస్తూనే ఉంటారు, అత్తగారు చేసేది కాదూ రోజుకి నాలుగు పూటలా. పీల్చి నొక్కి మండి వదిలి మళ్ళీ పీల్చి, నిమిషానికి వందల సార్లు, ఒక్కసారి కూడా వరస తప్పకుండా, ఎవరూ చూడని ఇనప గదిలో చీకట్లో. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు మామగారికి టీ పట్టుకుని ఈ షెడ్డులోకే వచ్చింది, ఇంట్లో కోడళ్ళు షెడ్డు గడప తొక్కే రోజులు కావవి. ఆయన మాట్లాడకుండా ఇలా రమ్మని వేలితో పిలిచి, ఊడదీసిన స్పార్కు ప్లగ్గుని ఇంజను మీద ఆనించి, కిక్కు కొట్టి చూపించాడు. చిటుక్కుమని ఒక నీలం చుక్క పుట్టి చచ్చిపోయింది. మళ్ళీ పుట్టింది. "ఇదేనా మామయ్యా ఇంత బండినీ లాగేది?" అంది ఆమె. "ఇదే," అన్నాడు. టీ చల్లారిపోయింది. ఇంకోసారి కొట్టండి మామయ్యా అని ఎన్నిసార్లు అడిగిందో, ఆయన ఎన్నిసార్లు కొట్టాడో, అత్తగారు లోపల్నుంచి కేకేసేదాకా అక్కడే చతికిలబడి చూసింది. మర్నాడు టీ తీసుకురావడానికి ఎవరూ చెప్పకముందే లేచింది. అలా మొదలైంది చదువు.

ఇంజను ఆపించింది. నీళ్ళు తాగిన బండిని ఊరికే సెల్ఫు కొట్టి వేధించకూడదు, ముందు లోపలికి ఎంత పోయాయో చూడాలి. సీటు లేపి గాలి పెట్టె మూత తీసింది, స్పాంజి ఫిల్టరు పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి ఏరు కారింది, అరగ్లాసు పైనే, పిండి పక్కన పెట్టి పెట్టె అడుగున ఉన్న చిన్న గొట్టం బిరడా లాగితే ఇంకో గుక్కెడు. తర్వాత ఆయిలు పుల్ల. దీని దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ చేతులు మళ్ళీ తుడుచుకుంటుంది, ఆయిల్లో నీళ్ళు కలిస్తే పాలు పోసిన టీ రంగులోకి తిరుగుతుంది, అలా తిరిగిందంటే ఈవేళ అమ్మడు ఎక్కడికీ వెళ్ళదు, అవతల ఆ పిల్ల... పుల్ల బయటికి లాగి వెలుగులో పట్టుకుంది. తేనె రంగు. ఒక్క చుక్క పోలేదు. ఏరు ఏరంతా మీద పడి తోసి రుద్ది సందు వెతికితే, వేలికి ఉంగరంగా కూడా పనికిరాని సన్నటి రబ్బరు రింగు అడ్డం నిలబడి, పో అవతలికి అంది. ఎవడు చేశాడో దాన్ని, ఎక్కడ కూర్చుని చేశాడో, వాడి చేతులు చల్లగా ఉండాలి. "బాగానే ఉందా?" అన్నాయి అమ్మడి పెదాలు. "లోపల పొడిగా ఉంది. పొట్టలోకి పోలేదు," అంది ఇంజనమ్మ, తన గొంతు తనకి ఎక్కడో వెనక గదిలో మాట్లాడినట్టు అనిపించింది.

కార్బురేటరు అడుగున చిన్న గిన్నె ఉంటుంది, పెట్రోలు గాలిలో కలవబోయే ముందు అక్కడ కాసేపు ఆగుతుంది. దాని మర తిప్పి సీసాలోకి వదిలింది. సీసాని కిటికీ వైపు ఎత్తి చూస్తే పచ్చటి పెట్రోలు, దాని అడుగున కదులుతూ గుండ్రంగా రెండు నీటి పూసలు, ఒకదాన్నొకటి తాకుతాయి, కలవవు, విడిపోతాయి. ఎంత ఊపినా నీళ్ళు నీళ్ళే పెట్రోలు పెట్రోలే. ఇంతోటి పూస ఇంత బండి గొంతు నొక్కింది చూడు. అమ్మడికి చూపించింది, పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి, నాలుగేళ్ళప్పుడు ఇలాగే నట్లూ బోల్టులూ ఒళ్ళో పోసుకుని ఒక్కోటీ ఎత్తి చూపించి ఇదేంటి పెద్దమ్మా ఇదేంటి పెద్దమ్మా అని ప్రాణం తీసేది, అన్నిటికీ సమాధానం చెప్పేది తను, ఒక్కదానికీ విసుక్కోలేదు, ఎందుకంటే ఆ గొంతు వినడం బాగుండేది. సన్నటి గొంతు. ఇప్పుడు ఆ గొంతు ఎలా ఉందో, ఈ ఆర్నెల్లలో మారిందో లేదో, అమ్మడు మాట్లాడితే దుప్పటి కప్పుకున్న మాటలా బుసబుసా వినపడుతుంది తప్ప అందులో అమ్మడు ఉండదు.

మొదట కీచురాళ్ళు పోయాయి. ఆ పోవడం తెలియలేదు, ఈ ఏడు పురుగులు తక్కువే అనుకుంది. తర్వాత కుక్కరు కూత, అన్నం మాడి ఇల్లంతా కమురు వాసన వేస్తే వాళ్ళాయన పరిగెత్తుకొచ్చాడు. బస్సు డ్రైవరాయన, ఇంట్లో ఉండేది వారానికి రెండు రోజులు, ఆ రెండు రోజులూ వాగుతూనే ఉంటాడు. నీ ధ్యాసెక్కడుందే, అన్నాడు. బండి మీదుంది, అంది. అక్కడ దొరికింది దారి. పెళ్ళయిన నాటినుంచీ ఆయన అనే మాటే, మా ఆవిడ ఇంజను తప్ప ఎవరి మాటా చెవిన పెట్టదండీ, ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తుందండీ అని, వచ్చినవాళ్ళందరి ముందూ అంటాడు, అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వుతుంది. ఇప్పుడు ఆ హాస్యం వెనక హాయిగా దాక్కుంది. ఎవరు ఏమన్నా వినపడకపోతే పెడచెవిన పెట్టిందనుకుంటారు, పొగరనుకుంటారు, అనుకోనీ, పొగరు ఎంత మర్యాదైన రోగం. బండ్ల చప్పుడులో లావు చప్పుళ్ళు ఇంకా ఉన్నాయి, దడదడలూ గుర్రుమనడాలూ. సన్నవే పోయాయి. టాపెట్ల టకటక, బేరింగు కూత, గాలి లీకయ్యే ఈల. రోగాలన్నీ సన్నగానే మాట్లాడతాయి, మొదట్లో. చేత్తో తడిమీ పొగ రంగు చూసీ వాసన చూసీ నెట్టుకొస్తోంది, అదృష్టం, ఎవరి ప్రాణాల మీదికీ రాలేదు. రాలేదనే అనుకుంది.

"ఇప్పుడు కొట్టు," అంది. అమ్మడు సెల్ఫు నొక్కింది. ఇంజను లేచింది, మోచేతిదాకా లేచింది. యాక్సిలరేటరు ఇవ్వమంది, ఇచ్చింది, ఇందాకటిలా చతికిలబడలేదు, అందుకుంది, బరువుగా అందుకుంది. అమ్మడి మొహం విప్పారింది, ఆ పెదాలు ఏవో అన్నాయి, మందు డబ్బా భుజానికి తగిలించుకుంటోంది. కానీ చేతికి ఏదో తేడాగా ఉంది. ఉందా. వరసలో ఎక్కడో ఒక మెట్టు లేనట్టు, కాలు వేశాక గానీ తెలియనట్టు. పొడుగు స్క్రూడ్రైవరు తీసుకుని మొన ఇంజను మీదా పిడి చెవి గూటిలోనూ పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది, మామగారు నేర్పిన పద్ధతి, ఇలా పెట్టుకుంటే ఒకప్పుడు ఆ ఇనప గదిలోకి తలుపు తెరుచుకుని వెళ్ళిపోయినట్టుండేది, ఎక్కడ ఏది రాసుకుంటోందో ఎక్కడ ఏది వదులైందో అన్నీ పేరు పెట్టి పిలిచేవి. ఇప్పుడు ఒక్కటే హోరు. చెవిలో ఏరే ఉంది. కళ్ళు తెరిచేసరికి అమ్మడు ఆమెనే చూస్తోంది, చిన్నప్పటి చూపు, పెద్దమ్మ చెప్పిందంటే ఇక తిరుగులేదన్న చూపు. బాగుంది వెళ్ళు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో అమ్మడు ఉలిక్కిపడి కిటికీ వైపు తిరిగింది, తిరిగి, "మొదటి సైరన్ పెద్దమ్మా. ఇంకో అరగంటే," అంది. ఇంజనమ్మ కూడా విన్నట్టు గడియారం వంక చూసింది. ఊరంతటికీ వినపడాలని పెట్టిన సైరను అది. అది కూడా.

అమ్మడు హెల్మెట్ పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించి, బండెక్కింది. ఏటి నడుమ లోతు తెలుసు ఇంజనమ్మకి, అక్కడ బండి ఆగిందంటే సైలెన్సరులోంచి నీళ్ళు లోపలికి ఎక్కుతాయి, ఇక లేవదు, పైనుంచి గేట్లు ఎత్తితే ఏరు ఎదురుచూడదు. తెలియకుండా పంపడం వేరు. తెలియట్లేదని తెలిసీ పంపడం... "దిగు," అంది. "ఏం?" "దిగమన్నానా. పది నిమిషాలు." తనకి మిగిలింది కళ్ళు ఒక్కటే. కళ్ళతో చూడాలంటే చీకటి కావాలి. చీకటి అయితే పిల్ల పెదాలు కనపడవు, పిల్ల ఏమన్నా తనకి తెలియదు, దొరికిపోతుంది. ఒక్క క్షణం షట్టరు పట్టుకుని నిలబడింది, ముప్ఫై నాలుగేళ్ళ పేరు చేతిలో ఉన్నట్టే ఉంది. తర్వాత బరబరా కిందికి లాగేసింది. కిటికీకి గోనెసంచి కట్టింది. "లైటు ఆర్పెయ్. ఇంజను నడవనీ, యాక్సిలరేటరు కొంచెం ఇచ్చి పట్టుకో," అని చెప్పి, బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చల్లే పిచికారీ సీసా అందుకుని, చీకట్లో మోకాళ్ళ మీద కూర్చుని, ప్లగ్గు ఉండే వైపు సన్నగా కొట్టింది.

ముందు ఏమీ లేదు. నల్లగా ఉంది, వేడి ఆవిరి మొహానికి తగిలింది. అప్పుడు కనపడింది. ప్లగ్గు మీద తొడిగిన రబ్బరు టోపీ అంచునుంచి పక్కనున్న ఇనుము మీదికి వెంట్రుకంత సన్నగా ఒక నీలం దారం దూకింది. పోయింది. మళ్ళీ దూకింది, ఈసారి రెండు పాయలుగా, తడి మీద పాకుతూ, దారి మార్చుకుంటూ, కొమ్మలు వేస్తూ. ఇంజను లోపల ఒత్తిడి పెరిగినప్పుడల్లా, లోపల మండడం కష్టమైనప్పుడల్లా, నిప్పు తేలిక దారి వెతుక్కుని బయటికి వచ్చేస్తోంది. ఎంత అందంగా ఉంది. రోగం ఇంత అందంగా ఉండవచ్చా. నిజంగానే ఆకాశంలో మెరిసేదీ ఇదే కదా, అక్కడ కోసుల పొడుగు, ఇక్కడ గోరంత, అదే రంగు అదే తొందర అదే అసహనం, మేఘం కడుపులో ఉండేదాన్ని ఇంత తీగలో పెట్టి ఇంత రబ్బరు కప్పి సెకనుకి ఇరవై సార్లు పిలిస్తే పలికేలా చేసుకున్నాడే మనిషి, చేసుకుని దాని మీదెక్కి సంతకి పోతున్నాడే, పాలు పోయించుకు రావడానికి పోతున్నాడే, ఒక్కడైనా ఆగి దండం పెట్టడే. చల్లారిన టీ చేత్తో పట్టుకుని కూర్చున్న కోడలు పిల్ల ఇంకా ఇక్కడే ఉంది, వయసు రాలేదు దానికి. కళ్ళు చెమర్చాయి. చూస్తూ ఉండిపోయింది. ఎవరో భుజం పట్టి కుదిపారు.

లైటు వెలిగింది. అమ్మడి మొహం ఇంత దగ్గరగా ఉంది. "మూడుసార్లు పిలిచాను పెద్దమ్మా, పొగకి ఊపిరాడట్లేదని." నేనెప్పుడు విన్నానే ఎవరి మాటైనా, మీ పెదనాన్నని అడుగు, అంది ఇంజనమ్మ గబగబా షట్టరు ఎత్తేస్తూ, మాట నోట్లో సిద్ధంగానే ఉంది, అమ్మడు సగం నవ్వింది, సగం నవ్వలేదు. "అదీ, దొరికింది చూడు, టోపీ దగ్గర నిప్పు లీకవుతోంది," అంది ఇంజనమ్మ ఇంజను ఆపి. "ఓ, అదా! ఇందాకట్నుంచీ టిక్ టిక్ మంటోంది అదేనా? ఆ చప్పుడు వస్తూనే ఉందిగా. నువ్వు విన్నావు కదా, నీకు తెలిసే ఉంటుందనుకున్నా."

ఇంజనమ్మ చెయ్యి ఆగిపోయింది. వస్తూనే ఉందట. ఒకప్పుడు వీధి చివర్నుంచి పట్టుకునే చప్పుడు, మొదటి నిమిషంలో చెప్పాల్సిన రోగం, అరగంటగా చెవి పక్కనే కూర్చుని చిటికెలు వేస్తోంది, పిల్లకి వినపడుతోంది, పిల్ల చెప్పలేదు, ఎందుకు చెబుతుంది, ఇంజనమ్మకి ఇంజను సంగతి చెప్పేవాళ్ళు ఎవరు. టోపీని వేళ్ళతో పట్టుకుంది. లాగకముందే ఊడి వచ్చింది. అది ఊడి రాకూడదు, మెలితిప్పి గట్టిగా లాగితే తప్ప రాకూడదు. పద్దెనిమిది రోజుల కిందట ఈ బండికి కొత్త ప్లగ్గు వేసింది తనే, ఈ టోపీ నొక్కింది తనే. నొక్కితే టిక్కుమంటుంది, ప్లగ్గు తలని లోపలి స్ప్రింగు కరుచుకునే చప్పుడు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ టిక్కే గుర్తు, విన్నాక ఇక చెయ్యి పెట్టదు. ఆరోజు నొక్కింది. ఆగింది. ఏమీ వినపడలేదు. అనే ఉంటుందిలే అనుకుంది. ఇంకోసారి లాగి చూస్తే సరిపోయేది, కొత్తగా పని నేర్చుకునేవాళ్ళు లాగి చూస్తారు, చిన్న పనే. లాగి చూస్తే చెవి లేదని చెయ్యి ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని లాగలేదు, గుడ్డతో తుడిచి, తీసుకెళ్ళమ్మా అంది. పొడిగా ఉన్నన్నాళ్ళూ వదులు టోపీలోంచే నిప్పు ఎలాగో దూకుతూ పని చేసింది, ఈవేళ నీళ్ళు దూరాయి. ఈ బండి మీద, ఇదే టోపీతో, పొద్దున పిల్ల సీటుదాకా నీళ్ళలోకి దిగింది.

కొత్త టోపీ ఉంది పెట్టెలో. చేతులు వాటంతట అవే పని చేశాయి, తీగ చివర నల్లబడిన వేలెడు కత్తిరించి, కొత్త టోపీని మరలాగా తిప్పి బిగించి, ప్లగ్గు చుట్టూ గాలి కొట్టి ఆరబెట్టి, టోపీ లోపలి అంచుకి నీళ్ళు దూరకుండా వేలితో గ్రీజు రాసి. ఇరవై రెండు నిమిషాలు ఉంది. టోపీ పెట్టి నొక్కింది. వేళ్ళు గ్రీజులో జారాయి. ఏదో దిగినట్టుంది, దిగనట్టూ ఉంది. లాగి చూడవచ్చు, ఇప్పుడు లాగితే ఎవరికీ ఏమీ తెలియదు, పిల్ల వెళ్ళిపోతుంది, పేరు మిగిలిపోతుంది, రేపు ఇంకో బండి వస్తుంది, దాని మీద ఇంకెవరి పిల్లో. ఇంజనమ్మ తల ఎత్తలేదు.

"టిక్కుమందా అమ్మడూ?" అంది.

అమ్మడు ఏమందో తెలియలేదు, తల ఎత్తాకే చూసింది. పిల్ల పెదాలు కదలట్లేదు. కాసేపటికి కదిలాయి, మెల్లగా, విడివిడిగా. "అంది. నీకు వినపడలేదా?"

"లేదు. ఆర్నెల్లయింది. కిందటిసారీ వినపడలేదు. వినపడకుండానే బాగుందని చెప్పి పంపించా. ఇందాక సైరనూ వినపడలేదు."

అమ్మడు హెల్మెట్ తీసేసింది. "ఈ బండి మీదే నేను ఏట్లోకి దిగాను పెద్దమ్మా," అంది. కోపం వచ్చింది పిల్లకి, రావాలి, ముక్కు చివర ఎర్రబడింది. "ఎవరికైనా చెప్పాలి కదా. నేను నర్సుని. నాకు చెప్పాలి కదా."

"చెప్పాలి," అంది ఇంజనమ్మ. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ రెంటి అడుగున ఎక్కడో, నీటి పూసలు సీసాలోకి పోయాక గిన్నె తేలికపడ్డట్టు తేలిగ్గా కూడా ఉంది. అమ్మడు గడియారం చూసింది, టోపీ వంక చూసింది, వంగి తనే రెండు వేళ్ళతో పట్టుకుని గట్టిగా లాగింది. రాలేదు. "గట్టిగా ఉంది," అంది. తర్వాత ఇంజనమ్మ చెయ్యి పట్టుకుని ఆ వేళ్ళతో కూడా లాగించింది. "నేనూ వస్తా," అంది ఇంజనమ్మ. "ఎక్కడికి? గేట్లు ఎత్తితే రెండ్రోజులు అటే ఉండిపోవాలి. మునిగితే ఇద్దరం మునగడానికా?" "మునగదు. నేను బిగించింది నువ్వు విన్నావు. వెనక కూర్చుంటా, నడిపేది నువ్వు, అదెలా పలుకుతోందో నాకు చెబుతూ ఉండు." అమ్మడు హ్యాండిలు మీది అద్దాన్ని తన నోటికి ఎదురుగా తిప్పుకుంది. "కనపడుతున్నానా?" అంది అద్దంలోంచి.

పన్నెండుకి పది నిమిషాలుండగా ఏట్లోకి దిగారు. ముందు చక్రాలు, అడుగున గులకరాళ్ళు జారడం, చల్లదనం చెప్పుల్లోకి, పిక్కల్లోకి, మోకాలికి. నీళ్ళు ఇంజను చుట్టూ చేరాయి, వేడి ఇనుము మీద పడి ఆవిరి లేచింది, ఇద్దరి మధ్యలోంచి పైకి పోయింది. నీళ్ళ నడుమ నిప్పు నడుస్తోంది. కింద, ఆమె తొడల కింద, మూరెడు లోతులో, ఏరు నాలుగు వైపులా ఒరుసుకుంటుంటే, ఆ చీకటి గదిలో నీలం చుక్క పుడుతోంది, చస్తోంది, పుడుతోంది. దేవుడా, అనుకుంది, ఎంత ధైర్యం దానికి. అద్దంలో అమ్మడి పెదాలు ఆగకుండా చెబుతున్నాయి. డుగ్ డుగ్ మంటోంది. టిక్ టిక్ లేదు. ఇప్పుడు కొంచెం లావుగా, సైలెన్సరు మునిగింది కదా, బుడబుడా. యాక్సిలరేటరు ఇస్తున్నా, అందుకుంది, తడబడలేదు. ఇంజనమ్మ ఆ మాటలు ఒక్కోటీ చూసి, దాన్ని తొడల కింది అదురుకి జతచేసి, ఇదా, ఇదేనా డుగ్గంటే, అని కొత్తగా అక్షరాలు దిద్దుకుంటోంది. నీళ్ళు సీటు అంచుని తాకాయి. పెదాలు ఆగిపోయాయి.

ఇంజనమ్మ ముందుకి వంగింది. భుజం తట్టింది, మళ్ళీ తట్టింది. "ఏమైంది? ఏమంటోంది?" అద్దంలో అమ్మడు తెల్లబోయి చూసింది. "ఏమీ అనట్లేదు పెద్దమ్మా. బాగుంది. బాగున్నప్పుడు ఏం చెప్పాలి?" నిజమే, ఏం చెప్పాలి. ఆమెకి తెలిసిన మాటలన్నీ రోగాలవే, కూతలూ ఈలలూ దడలూ టకటకలూ, ఒళ్ళు బాగున్న ఇంజనుకి మామగారి దగ్గర కూడా పేరు లేదు, ఆయన చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయేవాడు, ఆమె ఇంకో బండి దగ్గరికి వెళ్ళిపోయేది, ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారైనా కూర్చుని బాగున్నదాన్ని వినలేదు. "అదే చెప్పు," అంది. "బాగుంటే బాగుందని చెబుతూనే ఉండు." అమ్మడు చెప్పింది. బాగుంది. బండి ఒక రాయెక్కి దిగింది. బాగుంది. నీళ్ళు తొడలనుంచి మోకాళ్ళకి దిగాయి, మోకాళ్ళనుంచి పిక్కలకి. బాగుంది. ముందు చక్రాలు అవతలి ఒడ్డు ఇసకని పట్టుకున్నాయి, బండి ముక్కు పైకెత్తి నీళ్ళోడ్చుకుంటూ గట్టెక్కింది. అక్కడ ఎవరో చేతులూపుతూ పరిగెత్తుకొస్తున్నారు, అమ్మడు ఒక్క గెంతున దిగి డబ్బా గుండెకి హత్తుకుంది. "ఇంజను ఆపకు," అంది ఇంజనమ్మ, రెండు చేతులూ ట్యాంకు మీద పరిచి, "ఇంకొక్కసారి చెప్పి పో." పరిగెత్తబోయిన పిల్ల ఆగింది, మొహం మీద పడిన తడి జుట్టు పక్కకి తోసుకుని, పెదాలు బాగా కనపడేలా పూర్తిగా ఇటు తిరిగి, చెప్పింది.